పొగ మచ్చ

పన్ను పీకిన చోటు చూపించమంటే పద్మకుమారి నోరు తెరవడం లేదు.

తల్లి జగ్గమ్మ ఊరుకుంటుందా? ఎవరు దగ్గినా క్షయేమోనని గుండె పట్టుకునే మనిషి. మొగుణ్ణీ పెద్దపిల్లనూ ఒకే ఏడు కలరా ఎత్తుకుపోయాక, మిగిలిన ఈ ఒక్క పిల్లకు గోరు విరిగినా ఆమెకు అన్నం సయించదు. నరసన్నపేట ఆసుపత్రికి తోడు వెళ్ళొచ్చిన పొరుగింటి కాంతం, గుమ్మంలో నేల చూపులు చూస్తూ నిలబడింది.

జగ్గమ్మ కూతురి గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పింది. అంగిట్లో నల్లటి మచ్చ, నేరేడు గింజంత.

"ఓలమ్మో! ఇదేటే? ఏటైనాదే నీకు?"

కుమారి కాంతం వైపు చూసింది. తల వంచుకుంది.

"సుట్ట పొగమ్మా. నీ డబ్బాలో సుట్టలే... దొంగతనంగా తాగుతన్నాను."

జగ్గమ్మ కూతురి వీపు మీద ఒక్కటి చరిచింది. వెంటనే కూలబడి, కళ్ళ నీళ్ళతోనే పకపకా నవ్వింది. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ ఆ ఊళ్ళో ఏ ఆడదానికి లేదు? తన అంగిలి మాత్రం నల్లబడలేదా?

"సచ్చినదానా, పేణం తీసేసినావు గదే! ఇంకేటో అనుకున్నాను."

ఆ రోజుతో ఆమె భయం పోయింది. పొద్దువాలితే తల్లీకూతుళ్ళు గుమ్మంలో చేరేవారు. జగ్గమ్మ తను చుట్టిన చుట్టల్లో సన్నటిది ఏరి కూతురికిచ్చేది. మొదటిరోజే కుమారి నాలిక కాల్చుకుంది. దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"దొంగసుట్టయితే బాగా దిగేదేటే? నా ముందు సిగ్గా?"

తల్లి నవ్వితే కూతురూ నవ్వింది.

వానలు పడేసరికి కుమారి మెడ కింద గడ్డలు తేలాయి. ముద్ద దిగలేదు. "పంటి పోటేనమ్మా" అంటూనే చిక్కి శల్యమైంది. ఆసుపత్రికి పోదామని జగ్గమ్మ గుండె బాదుకునేనాటికి బండెక్కే ఓపిక లేదు. వరి వెన్ను తీయకముందే పోయింది.

పిల్లను చర్చి వెనక మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం జగ్గమ్మ చుట్టల డబ్బా వీధిలోకి విసిరేసింది. చెయ్యి పొయ్యి నిప్పుల్లో పెట్టబోయింది.

"ఈ సేతుల్తోనే సుట్టి ఇచ్చినాను. నా పొగే నా పిల్లని మింగేసినాది!"

కాంతం ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక దాచలేకపోయింది.

"సుట్టనేటీ అనకు సిన్నమ్మా. అది పొగ మచ్చ కాదు. పుట్టుమచ్చలాగ ఒంటి మీద లేసే రాసపుండట, ఎక్కడో ఒకరికి నోట్లో పుడతాదట. కొయ్యడానికి అదును దాటిపోయినాదని పన్ను పీకిన రోజే డాక్టరమ్మ సెప్పేసింది. 'మాయమ్మ బయంతోనే సచ్చిపోతాది, సుట్ట మచ్చని సెప్తాను' అని నా సేత బైబులు మీద ఒట్టేయించుకున్న నీ కూతురు, నువ్విచ్చినదాకా సుట్ట ముట్టనేలేదు."