ఆదివారం సైకిళ్లు

రోడ్డు అంచున ఆకుపచ్చ రంగు ఇంకా ఆరలేదు.

దాని మీద తెల్లగా ఒక సైకిలు బొమ్మ. ముందు చక్రం కొంచెం వంకరగా వచ్చింది.

జగదీశ్వరి వంగి వేలితో ముట్టుకుంది. వేలికి రంగంటింది. చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఊరికే వచ్చిందా ఈ దారి? శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి నుంచి అరసవల్లి వరకు, ఆటోలు ఒరుసుకుంటూ పోయే రోడ్డు మీద, సైకిళ్లకు బారెడు చోటివ్వండి మహాప్రభో అని ఏళ్ల తరబడి అడిగారు.

ప్రతి ఆదివారం తెల్లవారగానే పాతికమంది సైకిళ్లతో కూడలిలో చేరేవాళ్లు. అరసవల్లి గుడిదాకా తొక్కేవాళ్లు. తిరిగొచ్చి మున్సిపల్ ఆఫీసు ముందు నిలబడి, అందరూ ఒక్కసారిగా బెల్లు కొట్టేవాళ్లు.

ఆదివారం ఆఫీసుకు తాళం ఉంటుందని అందరికీ తెలుసు. అయినా కొట్టేవాళ్లు. సోమవారం ఎవరికి తీరుతుంది మరి?

ఆ మోత కాపలావాడు తప్ప ఎవరూ వినలేదు. ఎలా కదిలిందో ఏమో, చివరికి ఫైలు కదిలింది.

జగదీశ్వరికి యాభై దాటాయి. ఇంట్లో పిల్లలకు వీణ నేర్పేది. ఆ పిల్లలు ఇప్పుడు ఫోన్లలో నేర్చుకుంటున్నారు. తల్లి పోయాక ఇంట్లో ఆమె ఒక్కతే. సోమవారం నుంచి శనివారం దాకా ఆ ఇంట్లో మాటంటే కుక్కరు కూతే.

ఆదివారం మాత్రం ఆమె మనుషుల్లో మనిషి. చీకటుండగానే లేచి శనగ గుగ్గిళ్లకు తాలింపు పెట్టి, క్యారేజీ హ్యాండిలుకు తగిలించుకుని, అందరికంటే ముందు కూడలిలో ఉండేది. జగదక్క వచ్చేసిందంటే టైమయినట్టే అని వేళాకోళం చేసేవాళ్లు. ఆ వేళాకోళం కోసమే ఆమె వారమంతా బతికేది. ఇందులో దాపరికం ఏముంది?

మందుల దుకాణం ఉపేంద్ర లడ్డూల డబ్బా తెరిచాడు. ఆ జట్టుకు పెద్ద అతనే.

“సాధించీసాం అక్కా. తీసుకో.”

“వచ్చే ఆదివారం ఏం చేద్దాం?” అని అడిగింది జగదీశ్వరి.

“ఏటి చేస్తాం? హాయిగా తొంగుంటాం. మా ఇంటిది ఎన్నాళ్లనుంచో గోల పెడతన్నాది.”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. లడ్డూ మాత్రం క్యారేజీలో పెట్టేసింది.

మరుసటి ఆదివారం కూడా ఆమె కూడలిలో నిలబడింది.

అలవాటు కొద్దీ ఎవరో ఒకరు రాకపోతారా అనుకుంది. పాల వ్యాను వెళ్లింది. పేపరు కట్టలు దిగాయి. ఎండ చురుక్కుమంది. ఎవరూ రాలేదు.

ఉపేంద్రకు ఫోన్ చేసింది.

“ఇంకెందుకక్కా?” నిద్రగొంతు. “దారి వచ్చీసింది కదా. నువ్వూ కాసేపు తొంగో.”

ఒక్కతే బయల్దేరింది.

దారి బాగుంది. ఆటోవాళ్లు కూడా గీత దాటి రావడం లేదు. పక్కన కబుర్లు చెప్పే మనిషే లేడు. అంత మంచి దారి మీద, పట్టపగలు, ఆమెకు ఏడుపొచ్చింది.

గుడి మలుపు దగ్గర ఆదివారం జనం కిక్కిరిసి ఉన్నారు. అక్కడ ఆకుపచ్చ రంగుకు అడ్డంగా ఒక తోపుడు బండి. దాని మీద కొబ్బరికాయలు, ఎర్ర మందారాలు. వెనకాల ఒక ముసలామె.

“ఇది సైకిళ్ల దారమ్మా. ఇక్కడ బండి పెట్టకూడదు.”

నోరు అలవాటుగా అనేసింది. చెయ్యి అలవాటుగా ఫోటో తీసి జట్టు గ్రూపులో పెట్టేసింది.

“తెల్దమ్మా,” అంది ముసలామె కంగారుగా. “రంగేసినారని సూసినాను గానీ, ఎందుకేసినారో నాకేటి తెలుస్తాది? ఆదివారమొక్కటే మాకు బేరం. తీసేత్తన్నాను, కోప్పడకు.”

పేరడిగితే గురమ్మ అని చెప్పింది. కాయలు బస్తాలోకి వెయ్యడం మొదలుపెట్టింది.

ఫోన్ మోగింది. గ్రూపులో మెసేజి.

‘ఎవులదక్కా ఆ బండి?’ ఉపేంద్ర. నిద్ర వదిలినట్టుంది. ‘మన దారి మీద పెడతారా? వచ్చే ఆదివారం అందరం ఎల్దాం. తీయించీదాకా కదిలీది నేదు.’

‘నేనూ వస్తాను,’ అని విశాలి. పెళ్లయ్యాక సైకిలే ముట్టని విశాలి.

మళ్లీ మోగింది. మళ్లీ మళ్లీ మోగింది. వారమంతా పలకని వాళ్లు పలికారు. గుగ్గిళ్లు మరిచిపోకు జగదక్కా అని ఎవరో పెట్టారు.

ఆమె ఆ మాటలు నిలబడే రెండుసార్లు చదువుకుంది. సంతోషం పొంగుకొచ్చింది. సిగ్గుపడాల్సినంత సంతోషం.

తలెత్తేసరికి గురమ్మ బండి సగం ఖాళీ చేసింది.

“తీసీస్తన్నానమ్మా. మరింకెప్పుడూ పెట్టను.”

జగదీశ్వరి సైకిలు స్టాండు వేసింది. బస్తాలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి బండి మీద పెట్టింది. ఇంకో కాయ తీసింది.

“ఉండనీ గురమ్మా. వచ్చే ఆదివారం కూడా ఇక్కడే పెట్టుకో.”

“ఎవులూ ఏటీ అనరా?”

జగదీశ్వరి చెదిరిన మందారాలు సర్దుతూ ఉండిపోయింది.

“సల్లగుండు తల్లీ,” అంటూ గురమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. “నాలాటిదానికి ఇలగ ఎవులు సెప్తారు? వచ్చే వారం నువ్వూ వస్తావేటి?”

“వస్తాను,” అంది జగదీశ్వరి. “అందరం వస్తాం.”