ఇల్లు చూసి రాసిన రిపోర్టు

ఏడేళ్ళ బాబుని వాళ్ళ నాన్న ఇంటికి పంపేస్తారేమోనన్నదే ఆమె భయం. దాన్ని ఎలా చెప్పాలో తెలియక, అధికారిణి బల్ల ముందు మందుల చీటీ నలుపుతూ నిలబడింది.

"బాబు కేసు గురించి మేడం..."

పిల్లల సంక్షేమ అధికారిణి ఫైలు మీంచి తలెత్తింది. "ఓహో, నువ్వేనా! మీ ఇంటికి మా అసిస్టెంటు వచ్చాడు కదమ్మా. బాబు వాళ్ళ నాన్న ఇంటికి నేనే వెళ్ళాను. రిపోర్టు అయిపోయింది. రేపు జడ్జిగారి దగ్గరికి పోతుంది."

"అక్కడికి పంపొద్దు మేడం. ఆయన కొడతాడు."

"నిన్ను కొట్టాడు. అదీ మూడేళ్ళ నాటి మాట. పిల్లాడి మీద చెయ్యి చేసుకున్నట్టు ఒక్క కాగితం చూపించు."

"పక్కగదిలో వింటూ కూర్చునే పిల్లలకి తగలదా?"

"మనిషి మారాడమ్మా. ఇల్లు అద్దంలా ఉంది. బాబుకి కొత్త మంచం, బొమ్మలు..."

"వస్తున్నామని ముందురోజే ఫోన్ చేస్తే ఎవరి ఇల్లైనా అద్దంలాగే ఉంటుంది!"

అధికారిణి నవ్వింది. "నువ్వు లాయరు కావాల్సినదానివి."

"తొమ్మిదో తరగతిలో మాన్పించారు మేడం. లేకపోతే ఇలా బతిమాలుతానా? కాగితం రాసి మీ మొహాన..." నాలుక్కరుచుకుంది. "మీ బల్ల మీద పెట్టేదాన్ని."

"ఇప్పుడైనా రాసివ్వు. అక్షరాలొచ్చు కదా?"

"రాసింది ఆయనకీ చూపిస్తారు కదా మేడం."

"చూపించాలి మరి. రూలు."

ఆమెకు ఒళ్ళు మండింది. దెబ్బలు తినేవాళ్ళ చేత రాయించి, కొట్టేవాడికి చదివి వినిపించే రూలు ఎవరు పెట్టారో! గోడ గడియారం చూసింది. మందులకని చెప్పి బయటపడి అప్పుడే అరగంట.

"నిజం చెప్పు, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని కుళ్ళు కదూ?"

"కుళ్ళుకోడానికి అక్కడేముంది మేడం? ఆ కొత్తావిడతో మాట్లాడారా?"

"పసిపాపని తీసుకుని పుట్టింటికి వెళ్ళిందట. ఆవిడ మీవాణ్ణి బాగానే చూసుకుంటుందిలే."

"వెనక గది చూశారా?"

"సామాన్ల గదట. తాళం వేసుంది." అధికారిణి చేతిలో పెన్ను ఆగింది. "ఆ ఇల్లు కొత్తగా తీసుకున్నాడే! నీకెలా తెలుసు?"

ఆమె గొంతు తగ్గించింది. "ఈసారి ఫోన్ చెయ్యకుండా రండి మేడం. ఆ తాళం తీయించి చూడండి."

"ఏముంది అందులో?"

"మీరొచ్చిన రోజు అందులో ఉన్నది నేనూ, నా పాపా."