వెలుగు మాటల బేరం

"మేడమ్, గ్లో..." అంటూ నోరు తెరిచిన శాబాన్ అక్కడే ఆగిపోయాడు.

గుమ్మంలో నిలబడ్డ ఆవిడ అరవై లాంతర్లు కావాలని ఇంగ్లీషులో అడిగింది. ఏదో హోటలుకట. లాంతరు, హోటలు, అరవై. కైరో బజారులో ఈ మూడు ఇంగ్లీషు మాటలూ పిల్లులకు కూడా తెలుసు. ఈ బేరం తగిలితే వేసవంతా శాబాన్ గాజు కొలిమి ఆరదు. తగలకపోతే వచ్చే వారమే ఆర్పేయాలి. పైగా ఆవిడ కోసమే అన్నట్టు అతని నాలుక మీద ఏడు ఇంగ్లీషు మాటలు సిద్ధంగా ఉన్నాయి.

కానీ పక్క లాంతర్ల దుకాణం ముందు హాజీ బద్రాన్ చెక్క కుర్చీ ఇంకా బయటే ఉంది.

ఆ సందులో బోణీ అయినవాడు కుర్చీ లోపల పెట్టుకుంటాడు. తన బోణీ అయ్యాక వచ్చిన బేరాన్ని, పక్కవాడి కుర్చీ బయట కనిపిస్తుంటే, అటు పంపాల్సిందే. శాబాన్ కుర్చీ పొద్దున్నే లోపలికి వెళ్ళిపోయింది.

"హాజీగారూ! ఆ కుర్చీ లోపల పెట్టడం మరిచిపోయారా?" ఆశగా కేకేశాడు.

పేపరు చాటు నుంచి జవాబు వచ్చింది. "బోణీ ఎప్పుడో అయిందిరా. మోకాళ్ళు పట్టేసి లేవలేక అలా ఉంచాను. నీ బేరం నువ్వు చూసుకో."

"ఎవరికి అమ్మారు?"

హాజీ తడబడ్డాడు. "ఎవరో... మీసాలాయన."

"పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాను. ఈ సందులోకి మీసాలతో వచ్చింది మీరొక్కరే."

"నీకెందుకురా ఆ లెక్కలు! నాకా ఇంగ్లీషు ముక్క రాదు. ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలా? కొలిమి ఆరబోతోందని నిన్ననేగా ఏడ్చావు?"

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

శాబాన్ తూకం వేశాడు. ఒకవైపు అరవై లాంతర్లు. మరోవైపు రేపు, ఎల్లుండి, ఆ తర్వాత ప్రతి పొద్దునా చూడాల్సిన ఆ ముసలాయన మొహం. మొహమే బరువు తూగింది.

"రండి మేడమ్," అన్నట్టు చేత్తో పక్క దుకాణం చూపించాడు.

"గాడిదా!" అన్నాడు హాజీ పళ్ళ బిగువున. అంటూనే లేచి ఆవిడకు దారిచ్చాడు.

శాబాన్ భార్య నగ్వా బడిలో ఇంగ్లీషు చెబుతుంది. "భాషంతా కొనలేవు. నీకు అమ్ముడుపోయే సరుకున్న అర ఒక్కటి నింపుకో," అని జి, ఎల్ అనే రెండక్షరాలతో మొదలయ్యే మాటలు రాసిచ్చింది. వాటిలో చాలావాటికి అర్థం వెలుగేనట. వారం రోజులు కూడబెట్టిన ఆ సరుకంతా శాబాన్ ఇప్పుడు పక్కవాడి అంగట్లో పరిచాడు.

ఎర్రగాజు లాంతరు వెలిగించి, "గ్లో," అన్నాడు.

"అంటే ఏమిట్రా?" హాజీ గొణిగాడు.

"లోపలి నుంచి వెచ్చగా వెలగడం."

ఇత్తడి అంచును భుజం గుడ్డతో రుద్దాడు. "గ్లీమ్. నిగనిగ." లాంతరును గిర్రున తిప్పాడు. "గ్లిట్టర్. ధగధగ." ఎండ తగిలిన మూల చూపించాడు. "గ్లింట్. తళుక్కు." వత్తి తగ్గించాడు. "గ్లిమర్. మినుకు మినుకు."

"గ్ల, గ్ల, గ్ల! గొంతులో చేపముల్లు ఇరుక్కుందేమిట్రా?"

"మీ సరుకే అమ్ముతున్నాను, కాస్త ఊరుకోండి."

ఊపు మీద ఉన్న శాబాన్ రెండు చేతులూ చాపి, "గ్లూమ్!" అనేశాడు.

ఆవిడ పగలబడి నవ్వింది. అప్పుడు గుర్తొచ్చింది శాబాన్‌కి. గంపలో అదొక్కటి కుళ్ళుకాయ, అర్థం చీకటి అని నగ్వా ఎర్ర సిరాతో గీత గీసి మరీ చెప్పింది.

"ఏమన్నావురా?"

"మీ లాంతరు పెడితే ఇల్లంతా చీకటని."

"నీ నోట్లో మన్ను పడ! బోణీ బేరం!"

ఆవిడ ఒక వేలు ఎత్తి ఎర్ర లాంతరు చూపించింది. ఒక్కటంటే ఒక్కటి. హాజీ అడిగిన ధర బేరమాడకుండా ఇచ్చింది. హాజీ ఆ నోటును పెదవులకు, నుదుటికి తాకించాడు. కుర్చీని మాత్రం ఒక్క ఉదుటున ఎత్తి లోపల పెట్టాడు. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో!

శాబాన్ లెక్క వేసుకున్నాడు. మిగతా యాభైతొమ్మిదీ తన చీకటి మాటతోనే పోయాయి. అయినా హాజీ మొహంలో ఆ వెలుగు చూస్తే నవ్వాగలేదు. సంచిలో చివరి మాట ఒకటి మిగిలింది. అది దీపాలకు పనికిరాదు, మనుషులకే. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆవిడతో అన్నాడు.

"గ్లాడ్, మేడమ్. అంటే సంతోషం."

ఆవిడ లాంతరు చంకన పెట్టుకుని, అచ్చం ఆ సందు యాసలోనే అంది. "మా నాన్న ఈ బజారులోనే పళ్ళేలు అమ్మేవాడు అన్నా, ఈ కుర్చీ కట్టుబాటు నాకూ తెలుసు. దాన్ని ఇంకా ఎవరు పాటిస్తారో చూద్దామనే పొద్దున్నించీ ఇంగ్లీషు మాట్లాడుతూ నాలుగు సందులు తిరిగాను. పక్కవాడి కుర్చీ చూసి ఆగింది మీరొక్కరే. హాజీగారి బోణీ అయిపోయిందిగా, ఇక పదండి, అరవై మీ దగ్గరే తీసుకుంటాను."