సేన్‌లూయీలో ఉచిత బస

"ఒక్క జత చెప్పులు చాలు. రెండో సంచి కనబడితే కారువాడు దానికి వేరే డబ్బులడుగుతాడు," అంటూ బిరామా, భార్య కొత్త చెప్పుల్ని మంచం కిందికి తోశాడు.

"నా చెప్పులకి చోటు లేదు. మరి దీనికెలా వచ్చింది?" రోఖయా సంచి అడుగునుంచి ఒక గాజుసీసా పైకి తీసింది. మూత తియ్యకుండానే గదంతా వాసన పరుచుకుంది. ఆడవాళ్ళు పడకగదిలో పొగ వేసుకునే సాంబ్రాణి. అదీ బజారులో అన్నిటికంటే ఖరీదైన రకం.

"అది తబారాకి. మూడేళ్ళుగా సెలవులకి వెళ్ళినప్పుడల్లా మనల్ని ఊరికే ఉంచుకుంటోంది. చేతులూపుకుంటూ వెళ్తామా?"

"పంచదార ఇస్తారు, సబ్బులిస్తారు. భర్త పోయిన ఆడదానికి సాంబ్రాణి ఎవరిస్తారు?"

"హోటలుకి ఎంతవుతుందో తెలుసా నీకు?"

బడిపంతులు బిరామా దగ్గర అన్ని ప్రశ్నలకీ అదొక్కటే జవాబు. ఈసారి పిల్లల ఛార్జీలు కూడా మిగుల్చుకుందామని ఇద్దర్నీ తన చెల్లెలింట్లో దింపేశాడు. రోఖయా తల్లి పోయాక వాళ్ళతోనే ఉంటున్న ఆమె తండ్రి మసాంబా మాత్రం, తన సీటు డబ్బులు తనే ఇచ్చుకుని ఎప్పటిలా వెంట బయలుదేరాడు. సముద్రపు గాలి మోకాళ్ళకి మంచిదట.

సముద్రపు ఒడ్డు ఊరైన సేన్‌లూయీలో గుమ్మం దగ్గరే తబారా చేతులు నడుముకి పెట్టుకుని నిలబడింది.

"అమ్మో, జోప్ వచ్చాడు! అన్నం గిన్నెలు దాచెయ్యండి!"

"న్జాయ్‌ల గిన్నెలో దాచడానికేముంది? మా తాత మీ తాతని కొన్నప్పుడే గిన్నె కూడా ఖాళీగా వచ్చిందట!" అన్నాడు బిరామా.

ఇద్దరూ విరగబడి నవ్వారు. బిరామా ఇంటిపేరు జోప్, తబారాది న్జాయ్. తరతరాల ఆచారం ప్రకారం జోప్‌లూ న్జాయ్‌లూ ఒకళ్ళనొకళ్ళు ఎంత మాటైనా అనుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. రోఖయా పుట్టింటి పేరు ఫాల్. ఆ సరసాల్లో ఆమెకు వాటా లేదు. ఇంట్లో రోజుకు నాలుగు మాటలు కూడా లెక్కపెట్టి ఆడే మొగుడు, ఇక్కడ అడుగు పెట్టగానే ఇలా విచ్చుకోవడం ఆమె మూడేళ్ళుగా చూస్తూనే ఉంది.

"చెల్లీ, చిక్కిపోయావేం? మొగుడు తిండిలో కూడా పొదుపు చేస్తున్నాడా?" తబారా ఆమె చెంప నిమిరింది.

"తిండికి కరువేం లేదక్కా. చూపులకే కరువు," అంది రోఖయా.

భోజనానికి అందరూ పెద్ద గిన్నె చుట్టూ చేరారు. తబారా వేళ్ళతో చేప విరిచి ముక్కలు ఎదుటివైపు వేస్తోంది. అక్కడ బిరామా, అతని పక్కన మసాంబా కూర్చున్నారు. మెత్తని పొట్టముక్క అటే, నిమ్మకాయ అటే, అడుగంటిన కరకరల అన్నం కూడా అటే. రోఖయా ముందు ఒక క్యారెట్టు ముక్క, కాస్త క్యాబేజీ.

"నాకు చేపంటే పడదని ఎవరు చెప్పారక్కా?"

"అయ్యో, చూసుకోలేదు చెల్లీ!" తబారా సిగ్గుపడుతూ ఒక ముక్క ఇటు నెట్టింది. అందులో ముల్లే ఎక్కువ.

మర్నాడు సాయంత్రం రోఖయా దాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే, కింద టీ కాస్తున్న పెరట్లోంచి మాటలు వినబడ్డాయి.

"రోఖయాకి చెప్పకుండా ఎన్నాళ్ళు?" అది తబారా గొంతు.

"రేపు నమాజు తర్వాత, భోజనం దగ్గర చెబితే సరి. మొదట మండిపడుతుంది. తర్వాత అలవాటు పడుతుంది," అన్నాడు బిరామా.

"నాకు భయంగా ఉంది."

"నీకే కాదు, మాకూ భయమే."

రోఖయా చేతిలోని బట్టలు మళ్ళీ తీగమీదే వదిలేసింది. ఇన్నేళ్ళ పొదుపు ఇందుకన్నమాట! హోటలు ఖర్చు తప్పించడానికి కాదు, రెండో కాపురానికి.

శుక్రవారం నమాజుకి మగవాళ్ళిద్దరూ ఇస్త్రీబట్టలు కట్టుకుని వెళ్ళారు. తిరిగి వచ్చాక బిరామా చేతిరుమాలు మూట ఒకటి గూట్లో పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. రోఖయా ముడి విప్పింది. కోలా కాయలు.

పెళ్ళిముడి మసీదులో మగవాళ్ళ మధ్యనే పడిపోతుంది. వచ్చినవాళ్ళకి కోలా పంచుతారు. ఆడవాళ్ళకి ఆ తర్వాతే తెలుస్తుంది. రోఖయా పెద్దమ్మ కూడా, తనకు సవతి వచ్చిందని మొగుడి జేబులో దొరికిన కోలా కాయ చూసే తెలుసుకుంది.

"ఎవరి పెళ్ళి?" బిరామా రాగానే అడిగింది.

అతను చూపు తిప్పుకున్నాడు. "ముందు భోజనానికి రా. అన్నీ తెలుస్తాయి."

అందరూ గిన్నె చుట్టూ చేరారు. తబారా కొత్త నీలంబట్టలు కట్టుకుంది. ఆమె కదిలినప్పుడల్లా ఆ ఖరీదైన సాంబ్రాణి వాసన. ఈరోజు చేపముక్కలు కూడా ఎవరివైపూ వేయకుండా తల దించుకుని కూర్చుంది.

రోఖయా చెయ్యి కడిగేసుకుంది.

"నేనొకటి నిర్ణయించాను, అందరూ వినండి. కుట్టుమిషను కోసం దాచుకున్న నా చీటీ డబ్బు ఉంది. దాంతో ఈరోజే హోటలుకి మారుతున్నాం. ఈ ఇంట్లో ఇంకో పూట ఉండేది లేదు. బిరామా, నువ్వు నాతో వస్తే నా మొగుడివి. ఉండిపోతే ఆవిడ మొగుడివి. పిల్లలకి ఏం చెప్పుకోవాలో నేను చెప్పుకుంటాను."

తబారా చెయ్యి గిన్నెలో ఆగిపోయింది. బిరామా మామగారి వైపు చూశాడు.

మసాంబా నోట్లో ముద్ద మింగి, నీళ్ళు తాగి, గొంతు సవరించుకున్నాడు.

"మీ ఇద్దరూ వెళ్ళండమ్మా, నేను నా భార్య ఇంట్లోనే ఉంటాను."