దెయ్యాల డేవిడ్‌రాజుకు నవ్వుల నివాళి

"చచ్చిపోయినాయన ఫొటో ముందు దెయ్యాల్లా నవ్వుతారా? ఇదేం సంతాపమే?" అంది హసన్‌బీ.

"ఆయనకి అదే ఇష్టం అమ్మీ. నువ్వు పక్కన లేకపోతే నాకు గొంతు రాదు. ఒక్క గంట కూర్చో చాలు."

తబస్సుం తల్లిని జగ్గయ్యపేట బస్టాండుకి లాక్కొచ్చి నందిగామ బస్సెక్కించింది.

డేవిడ్‌రాజు పోయి నెల కాలేదు. ఆయన తీసిన టీవీ సీరియల్ 'తెల్లగని' దెబ్బకి ఈ చుట్టుపక్కల ఒక తరం పిల్లలంతా మంచం మీంచి కాళ్లు వేలాడేయడం మానేశారు. సున్నపురాయి గనిలో దానంతటదే నడిచే లాంతరు. దాని వెనకాలే ఒక నవ్వు. దెయ్యం కనపడేది కాదు. నవ్వేది, అంతే.

హసన్‌బీ ఇంట్లో మాత్రం అది ఎప్పుడూ నవ్వలేదు. సరిగ్గా నవ్వబోయే ముందు, పిల్లలు జడుసుకుంటారంటూ ఆమె టీవీ కట్టేసేది. తబస్సుం పక్కింటి కృపాజ్యోతి ఆంటీ ఇంటికి ఉరికి, దుప్పటి సందులోంచి మిగతాది చూసి, కళ్లు మూసుకుని వెనక్కి పరిగెత్తుకొచ్చేది.

ఇప్పుడు తనే బళ్లో పిల్లలకి దెయ్యం కథలు చెబుతోంది. ఆ పిచ్చి పట్టించింది డేవిడ్‌రాజే. అందుకే దండ వేసి వచ్చేస్తే సరిపోదు. సంతాప సభలో పెట్టిన దెయ్యం నవ్వు పోటీ గెలవాలి. గెలిచినవాళ్లకి ఆ లాంతరు ఇస్తారట.

చిల్లకల్లు దాటాక ఒకసారి నవ్వి చూసుకుంది. ముందు సీటాయన లేచి వేరే సీటుకి వెళ్లిపోయాడు.

"నవ్వొస్తే నాలాగా కొంగు అడ్డం పెట్టుకోమని చిన్నప్పట్నుంచీ చెప్తున్నా గదే."

"ఇవాళ నవ్వడానికే వెళ్తున్నాం అమ్మీ. ఎట్టా ఉంది?"

"గొర్రె దగ్గినట్టుంది. కడుపులోంచి రావాలి."

"ఒక్కరోజన్నా పూర్తిగా చూశావా నువ్వు, చెప్పడానికి?"

హసన్‌బీ కిటికీ వైపు తిరిగింది.

ఫంక్షన్ హాల్లో జడ్జి బసవయ్య. 'తెల్లగని'కి శబ్దాలన్నీ రికార్డు చేసింది ఆయనే. ఆయన స్టేజీ ఎక్కగానే హసన్‌బీ లేచి, ఆఖరి వరసలోకి పోయి, కొంగు తలమీదికి లాక్కుంది.

"చలేస్తోందా అమ్మీ?"

"ఆ, చలే. నువ్వెళ్లు."

వచ్చినవాళ్లు ఇకిలించారు, సకిలించారు, ఒకాయనకి పొలమారింది కూడా. తబస్సుం వంతు వచ్చింది. డేవిడ్‌రాజు ఫొటో వంక చూసి, కళ్లు మూసుకుని, కడుపులోంచి నవ్వింది.

హాలు బిగుసుకుపోయింది. ముందు వరసలో బట్టతలాయన భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

బసవయ్య మైకు లాక్కున్నాడు. "ఫోనిటియ్యమ్మా."

"నా దగ్గర ఫోన్ లేదండి."

"పాత రికార్డు పెట్టుకుని పెదాలాడిస్తే తెలీదనుకున్నావా? అది నేను పట్టిన నవ్వు. నిద్రలో లేపినా గుర్తుపడతా. ఇంకో మనిషికి రాదది. పోయినాయన ముందు ఈ మోసం ఏంటమ్మా? దిగు."

హాల్లో ఈలలు. తబస్సుం రెండు చేతులూ చాపి చూపించింది. కళ్లనిండా నీళ్లు.

"నా సొంత నవ్వేనండి."

ఎవరూ వినిపించుకోలేదు. పోటీ నిర్వాహకులు జాబితాలోంచి ఆమె పేరు కొట్టేయబోయారు.

ఆఖరి వరసలో హసన్‌బీ లేచి తలమీది కొంగు తీసేసింది.

"దాన్నేం అనమాకండి బసవయ్యగారూ, అది నా కూతురు, దానికి నా నవ్వు కాక ఇంకెవరి నవ్వొస్తుందండి."