విడుదలకు ముందు

“నీ మాట విని వారం నుంచీ కళ్లు వాచేలా ఏడుస్తున్నానే,” అంది మల్సూన్ పిన్ని, నెత్తళ్ల చేపల వేపుడు డబ్బాల్లోకి సర్దుతూ. “ఆ ‘ఉప్పుగాలి బడి’ సీరియల్లో టీచరమ్మ ఎంత బంగారం! పిల్లల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది.”

“కథ బాగుందన్నాను పిన్నీ. ఆవిడ బాగుందని అనలేదు,” అంది గ్యూరి, ముల్లంగి తరుగుతూ.

సియోల్ శివార్లలో మల్సూన్‌ది వండిన కూరలమ్మే కొట్టు. గ్యూరి అందులో పనిచేస్తుంది. పగలంతా ముల్లంగీ మొలకలూ. సాయంత్రం ఇంటికెళ్లి కొత్త సీరియళ్ల మీద, రాబోయే సినిమాల మీద బ్లాగు రాస్తుంది. మొహమాటం లేకుండా రాస్తుందని పేరు. ఆమె పెదవి విరిస్తే టికెట్లు రద్దు చేసుకునేవాళ్లున్నారు. అసలు పేరు మాత్రం ఎవరికీ తెలియదు. అక్కడ ఆమె ‘చివరి వరుస’.

ఈ వేసవి సినిమాల గురించి ఆమె రాసింది కూడా పిన్ని చదివింది. దెయ్యాల సినిమా చూస్తే పిల్లలకే భయం వేస్తుందట. గూఢచారి సినిమాలో హీరో కోటు తప్ప కొత్తది లేదట. అందరూ ఎదురుచూస్తున్న ‘నీలి సొరంగం’ దగ్గరికొచ్చేసరికి మాత్రం స్వరం మారింది.

“ఇందులో కథానాయిక తాక్ యేదామ్, మన టీచరమ్మే. మొక్పో ఊళ్లో నేనూ ఆమే ఒకే బడిలో చదువుకున్నాం. ఆ చిరునవ్వు వెనక ఏముందో సినిమా విడుదలైన రోజు పొద్దున్నే చెబుతాను.”

“చెప్పేదేదో ఇప్పుడే చెప్పెయ్యొచ్చుగా. నాన్చడం దేనికి?” అంది పిన్ని.

“ఇవాళ ఏం చేస్తుందోనని రోజూ వణుక్కుంటూ బడికెళ్లేదాన్ని. తననీ కొన్నాళ్లు వణకనీ.”

పిన్ని చేతిలో గరిటె ఆగింది. “అంత పనేం చేసిందే?”

గ్యూరి తల్లి మొక్పో రేవులో చేపలమ్మేది. యేదామ్ గ్యూరికి ‘నీచుకంపు’ అని పేరు పెట్టింది. బడిలో భోజనాల హాల్లో గ్యూరి అన్నం పళ్లెంలో గిన్నెలు కడిగిన నీళ్లు పోయించి, అందరూ చూస్తుండగా తినమనేది. తినేదాకా ఎవరూ కదలడానికి లేదు. వెనక నిలబడ్డవాళ్లు నవ్వేవాళ్లు. గ్యూరి చదువు మధ్యలోనే మానేసింది. ఎవరైనా అడిగితే కూతురికి ఊపిరితిత్తుల జబ్బని తల్లి చెప్పుకునేది.

అంతా విని పిన్ని, “రాయి,” అంది. “నేనూ ఇక ఆ సీరియల్ చూడను.”

గ్యూరి రాసింది. ఒక్కో వాక్యం చెక్కి చెక్కి రాసి, విడుదల రోజు పొద్దున బయటికి వెళ్లేట్టు పెట్టింది. పోస్టర్లు పడ్డాయి. టికెట్లు ముందే అమ్ముడైపోయాయి. బస్టాపులో యేదామ్ బొమ్మ కనిపించినప్పుడల్లా గ్యూరికి కడుపు నిండినట్టుండేది. ఎంత ఎత్తుకెక్కితే అంత మంచిది అనుకునేది.

విడుదల దగ్గర పడ్డాక బ్లాగుకి ఒక సందేశం వచ్చింది. “నువ్వెవరో నాకు తెలుసు. ఒక్కసారి కలువు. ఒంటరిగా వస్తాను. యేదామ్.”

“వెళ్లకే. మాటల్తో కరిగించేస్తుంది, నటి కదా,” అంది పిన్ని.

“వెళ్తాను. తను బతిమాలుతుంటే చూడాలి.”

జోరువాన. చిన్న టీ కొట్టు వెనక గదిలో యేదామ్ ముందే వచ్చి కూర్చుంది. ముఖానికి రంగుల్లేవు. కళ్ల కింద నల్లగా ఉంది. గ్యూరిని చూడగానే లేచింది.

“చాలా మారిపోయావు. బయట చూస్తే గుర్తుపట్టేదాన్ని కాదు.”

“మరి రాసింది నేనేనని ఎలా తెలిసింది?”

“నా మీద అలా రాయడానికి ఇంకెవరున్నారు?”

గ్యూరి కూర్చోలేదు. “సినిమా కోసం వచ్చావా?”

“కాదు. రాయి. ఆపమని అడగను. రాసేముందు నీ ఎదురుగా ఒప్పుకోవాలని వచ్చాను.”

“అయితే ఒప్పుకో. ఏం చేశావో నీ నోటితో చెప్పు.”

యేదామ్ నేలమీద మోకాళ్లూనింది. భోజనాల హాలు గురించి చెప్పింది. పళ్లెం గురించి చెప్పింది. వానలో బూట్లు కిటికీలోంచి విసిరేయించి వట్టి కాళ్లతో ఇంటికి పంపడం గురించి చెప్పింది. బూట్ల సంగతి గ్యూరికే గుర్తులేదు. అంత ఏడుపులో కొన్ని మరిచిపోయి ఉంటాననుకుంది. తను మరిచినవి కూడా ఈమె మోస్తోందన్నమాట.

“మానేశావని తెలిసిన రోజు నేను నవ్వాను,” అంది యేదామ్. “ఇప్పుడు ఆ టీచరమ్మ వేషంలో పిల్లల్ని దగ్గరికి తీసుకున్న ప్రతిసారీ నీ ముఖమే కనిపిస్తోంది. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.”

ఇన్నేళ్లూ గ్యూరి ఈ దృశ్యాన్ని ఎన్ని రకాలుగానో ఊహించుకుంది. ఏ ఊహలోనూ తన కళ్లు చెమర్చలేదు. పగ తీరడమంటే అవతలివాళ్లు నాశనం కావడమే అనుకుంది. ఒకరు తనని ఇంతకాలం గుర్తుంచుకోవడంతో కూడా తీరుతుందని తెలియదు.

ఫోను తీసింది. చెక్కి చెక్కి రాసిందంతా యేదామ్ కళ్లముందే చెరిపేసింది.

“లే. మోకాళ్లు నొప్పెడతాయి,” అంది.

యేదామ్ వెక్కివెక్కి ఏడ్చింది. గుమ్మం దాకా వచ్చి, తన గొడుగు గ్యూరి చేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“ఈ మేలు మరిచిపోను, యున్ఛే.”

యున్ఛే ఎవరో గ్యూరికి తెలియదు.