బుగ్గల్లో మూట

ఆ అడవిలో పులి ఎంత పెద్దదంటే, అది ఆవులిస్తే రెండు కొండలకి చలేసేది. దాన్ని చూసి రావాలని జింకకీ కోతికీ సరదా పుట్టింది.

"చేతులూపుకుంటూ వచ్చెయ్ అక్కా. పులి కనబడితే చెట్టు మీంచి కేకెయ్యి, నేను పరిగెత్తుతా," అంది జింక.

'ఏమీ తేవద్దంటోందేం? నేనటు వెళ్ళగానే నా నేరేడుపళ్ళు మింగడానికి ఎవర్నో పెట్టే ఉంటుంది!' అనుకుంది కోతి. చెట్టంతా దులిపి బుగ్గల్లో కుక్కుకుంది. ఒక్కో బుగ్గా గుమ్మడికాయంత అయింది.

"పన్ను నొప్పితో బుగ్గలు వాచాయా అక్కా?" అంది జింక. కోతి తలూపింది.

మడుగులో జింక నీళ్ళు తాగుతుంటే వెనక గడ్డిలో చారలు కదిలాయి. చెట్టు మీంచి కోతి అరవబోతే "మ్మ్... మ్మ్" తప్ప రాలేదు. ఉమ్మేస్తే పళ్ళు జింక పాలు. ఉమ్మకపోతే జింక పులి పాలు.

పులి దూకడానికి నడుం వంచింది. కోతి ఏడుపు మొహంతో పళ్ళన్నీ ఉమ్మేసి, ఏడు అడవులు దద్దరిల్లేలా అరిచింది. జింక ఒక్క గెంతులో కొండ దాటేసింది. పులి విసుక్కుని వెళ్ళిపోయింది.

కోతి ధైర్యం చేసి దిగేసరికి జింక తిరిగొచ్చి ఉంది. పళ్ళు మాత్రం లేవు.

"ఎవరే తిన్నది?"

"ఇంకెవరు, పులే!" అంది జింక, ఊదారంగు మూతి నాక్కుంటూ.

ఇప్పటికీ ఆ కోతి పులి మూతికేసే అనుమానంగా చూస్తుంది.